ఒక వాల్వు, నలభై మంది

“నీళ్ల బాధ్యతను ఒక్క మనిషి నెత్తిన పెట్టే అన్యాయం ప్రొద్దుటూరులో ఇక జరగదు” అని వార్డు ఇన్‌చార్జి కార్తీక్ గారు మైకులో ప్రకటించారు. పాత మిల్లు కాలనీ వాల్వుకు దండ వేసి, మిగిలిన దండ ఆరోన్‌కు వేశారు.

పదకొండేళ్లుగా ఆ వాల్వు తిప్పేది ఆరోనే. పొద్దున ఐదుకు విప్పి, ఏడుకు కట్టేసేవాడు. పైపు పగిలిందంటే తినే ముద్ద వదిలేసి పరుగెత్తేవాడు. ఇంత వెనకబాటుతనాన్ని చూసి కార్తీక్ గారి మనసు తరుక్కుపోయింది. నలభై మందితో ‘వాల్వు సమష్టి బాధ్యతా బృందం’ వేశారు. ఆరోన్‌ది అందులో ముప్పై ఏడో నంబరు. తలా ఒక టోపీ, ఐడీ కార్డు, వాల్వు తిప్పే ఇనుప కీ ఇచ్చారు. ఫిర్యాదులకు వాట్సాప్ గ్రూపు పెట్టి కాలనీ మొత్తాన్నీ చేర్చారు. ఇది సక్సెస్ అయితే జమ్మలమడుగులో ఎనభై మందిని, పులివెందులలో నూటయాభై మందిని పెడతామన్నారు.

మొదటి వారం ఒకరు వాల్వు తిప్పితే ముప్పై తొమ్మిది మంది ఫొటో దిగారు. రెండో వారం తొమ్మిది మంది వచ్చారు. మూడో వారం ఆరోన్ ఒక్కడే వెళ్లి తిప్పాడు. ఎవరు తిప్పారని ఎవరూ అడగలేదు. ఒళ్లు మండి ఒకరోజు మానేశాడు. ఎందుకు రాలేదనీ ఎవరూ అడగలేదు. ఏడు దాకా పడుకుంటే ఇంత హాయిగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది.

ఆ ఆదివారం పొద్దున ఎవరో విప్పిన వాల్వును ఎవరూ కట్టలేదు. ఆరోన్ చర్చి నుంచి వచ్చి, అన్నం తిని నడుం వాల్చాడు. ఫోన్లో గ్రూపు వాయిస్ మెసేజ్ మోగింది. వీధి చివరి ఖమ్రున్నీసా గొంతు.

“పైపు పగిలిందప్పా. నీళ్లు నా మట్టిగోడ కిందికే పోతాండాయి. ఎవురన్నా వచ్చి వాల్వు కట్టేయండప్పా.”

ఆరోన్ లేచి కూర్చున్నాడు. కీ గోడకే ఉంది. ఐదు నిమిషాల పని. గ్రూపు చూశాడు. బృందమంతా మెసేజ్ విన్నట్టే ఉంది. ఇరవై మంది దండం బొమ్మలు పెట్టారు. ఒకాయన “తక్షణం చర్యలు తీసుకోవాలి” అని డిమాండ్ కూడా చేశాడు.

“పోవా?” అంది భార్య దేవకుమారి.

“ఈపాటికి ఎవురో ఒకరు పోయింటారులే” అని తనూ ఒక దండం పెట్టి, అటు తిరిగి పడుకున్నాడు.

మూడున్నరకు గోడ కూలింది. బయట ఉండబట్టి ఖమ్రున్నీసా బతికింది. ఆమెకు కూడు పెట్టే కుట్టుమిషను గోడ కింద నుజ్జయింది.

కార్తీక్ గారు స్వయంగా విచారణ జరిపారు. తప్పును నలభై మందికీ సమానంగా పంచితే తలా రెండున్నర శాతం వచ్చింది. ఐదు శాతం లోపు తప్పును తప్పుగా పరిగణించరాదని ఆయనే తేల్చారు. పాత పద్ధతిలో అయితే పాపం ఒక అమాయకుడు సస్పెండయ్యేవాడని గుర్తుచేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆరోన్‌కు సిగ్గేసింది. అయినా కొట్టాడు.

బాధితురాలికీ న్యాయం జరిగింది. ఆమెను నలభై ఒకటో సభ్యురాలిగా తీసుకున్నారు. దాంతో తలా వాటా ఇంకాస్త తగ్గింది.

మీటింగు అయ్యాక ఖమ్రున్నీసా నేరుగా ఆరోన్ దగ్గరికి వచ్చింది.

“ఆ పొద్దు నా మాట ఇన్యావా నాయనా?”

“అందరం ఇన్యాం పెద్దమ్మా” అన్నాడు ఆరోన్.