మినోబె గారికి విగ్రహం ఎందుకు పెట్టాలంటే

నన్ను ముంచినవాడి పేరు మినోబె. నిప్పొన్‌బషి బజారులో కరెంటు సామాన్ల షాపు పైన, మూడో అంతస్తులో, పాత బొమ్మకార్డులు కొని అమ్మే కొట్టు అతనిది. ముప్పై కూడా నిండలేదు. చేతులకు తెల్ల గ్లవ్స్, కంటికి భూతద్దం, నోటి నిండా తేనె. స్టేషను మెట్లెక్కగానే కనబడేలా ఆయనకు ఒక కంచు విగ్రహం పెట్టించాలని ఈ కాలమ్ ద్వారా డిమాండ్ చేస్తున్నాను. మొదటి చందా నాదే, జేబులో ఏమైనా మిగిలుంటే.

మునిగినవాడు ముంచినవాడికి విగ్రహం పెట్టమనడమేమిటని మీకు అనిపించవచ్చు. గురువుకు కాకపోతే ఇంకెవరికి పెడతాం, చెప్పండి?

నేను పదిహేనో ఏట బడి మానేసి మా నాన్న పెనం ముందు నిలబడ్డాను. అప్పట్నుంచీ మొన్నటిదాకా మా ఇకునో పేటలో క్యాబేజీ అట్లే పోశాను. వీడికి చదువు అబ్బలేదని ఊరంతా జాలిపడింది. ఇప్పుడు అబ్బింది. మూడే మూడు పాఠాలు, పాఠానికి ఇరవై నిమిషాలు. అన్నీ మినోబె గారి బల్ల ముందే.

మొదటి పాఠం: ఏ వస్తువునూ అది దేనికోసం పుట్టిందో దానికి వాడకూడదు.

మా చిన్నప్పుడు మిఠాయి కొట్టు ముందు ఒక ఇనప డబ్బా ఉండేది. ఇరవై యెన్‌లు వేసి పిడి తిప్పితే గరగరమంటూ ఒక కార్డు రాలేది. ఉరుము మృగాలని, కార్డుకో మృగం, దాని కింద బలమెంతో చెప్పే అంకె. వాటితో మేమేం చేశాం? ఆడుకున్నాం! ఇంతకంటే తెలివితక్కువతనం ఉంటుందా? నేలకేసి కొట్టాం, నిక్కరు జేబుల్లో కుక్కాం, ఓడిపోయినవాడు ఏడుస్తుంటే వాడి నెత్తిమీదే విసిరాం. ఇది కార్డు కాదర్రా, ఆస్తి అని ఒక్కడికైనా తోచిందా?

ఇప్పటి పిల్లలు ఎంత బాగుపడ్డారో చూడండి. పొట్లం విప్పేముందు చేతులు కడుక్కుంటారు. కార్డును పల్చటి కవర్లో, కవరును గట్టి పలకలో, పలకను బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆ తర్వాత ఆడటానికి ఏమీ మిగలదు కాబట్టి బుద్ధిగా కూర్చుంటారు. పరుగెత్తరు, పడరు. మోకాలి మీద ఒక్క గీత ఉండదు. రేపు ఆ మోకాళ్ళు అమ్మకానికి పెట్టినా పూర్తి ధర పలుకుతాయి.

ఈ వివేకమంతా ఎవరి చలవ? వెల కట్టే మహానుభావులదే కదా! మూల వెంట్రుకవాసి తెల్లబడితే సగం ధర. వేలిముద్ర పడితే పావు. మడత పడితే, మాట్లాడకుండా ఇంటికి తీసుకుపోవడమే. ఈ పద్ధతి కార్డుల దగ్గరే ఎందుకు ఆగాలి? సంసారాల్లోకీ తేవాలంటాను. మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు ముట్టుకోకుండా, వేరువేరు కవర్లలో యాభై ఏళ్ళు గడిపితే ఇద్దరికీ గరిష్ఠ ధర. మా నామియెను చూడండి. ఇరవై రెండేళ్ళు నాతో కాపురం చేసి, సాసు మరకల్లో నిలబడి, చేతుల మీద నాలుగు కాలిన మచ్చలు తెచ్చుకుంది. ఈ మాట ఆమెతో అంటే, "నీకు ఒక్క యెన్ ఇచ్చేవాడు దొరికినా ఇవ్వాళే అమ్మేస్తానయ్యా, సంచి కూడా ఊరికే ఇస్తాను" అంది.

సరే, నా సంగతికి వస్తాను.

ఫిబ్రవరిలో మా పెనం పగిలింది. ఎనిమిది కుర్చీల ముందు పొడవుగా పరిచి ఉండే ఇనప పలక అది. ఆ తర్వాత ఎడమ సగమే కాలేది. అంటే నాలుగు కుర్చీలు. నాలుగు కుర్చీల మీద అద్దె కూడా రాదు. కొత్త పెనానికి మూడు లక్షల ఎనభై వేలు అడిగారు. ఇంటాయన జూన్ ఆఖరు దాకా ఆగుతానన్నాడు. అప్పటికీ పెనం రాకపోతే కొట్టు వదిలేసి, నలభై ఏడేళ్ళ వయసులో నేను ఇంకొకడి పెనం ముందు జీతానికి నిలబడాలి.

అప్పుడు గుర్తొచ్చింది, అటక మీది బిస్కెట్ల డబ్బా. అందులో నాలుగు వందల పన్నెండు కార్డులు. నాలుగు వందల పదకొండు కలిపి అమ్మినా ఒక పూట క్యాబేజీ రాదు. మిగిలిన ఒక్కటి వెండి ఉరుము మృగం. మినోబె గారి కిటికీకి అంటించిన కాగితంలో దాని ధర: నాలుగు లక్షల యాభై వేల వరకు.

ఆ "వరకు" ఉంది చూశారూ, వ్యాపారంలో అంత పవిత్రమైన మాట ఇంకొకటి లేదు. సున్నా దగ్గర బయల్దేరి ఎక్కడ ఆగినా అబద్ధం కాదు. ఆ లెక్కన నేను కూడా నూట ఇరవై ఏళ్ళ వరకు బతుకుతాను.

నంబరు చీటీ తీసుకుని కూర్చున్నాను. పిలిచారు. మినోబె గారు కార్డును పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి లైటు కింద పెట్టారు. మూలలు చూశారు, అంచులు చూశారు. మొహం వెలిగింది. తర్వాత వెనక్కి తిప్పారు. వెలిగింది వెలిగినట్టే ఆరిపోయింది.

కార్డు వెనక నల్లటి సిరాతో, గుండ్రటి అక్షరాల్లో ఉంది: మూడో తరగతి, రెండో సెక్షన్, ఒకినో.

అది మా అమ్మ చేతిరాత. మా ప్రాథమిక బడిలో పేరు లేని వస్తువుకు గుమ్మంలోకి ప్రవేశం లేదు. పెన్సిలుకు పేరు, మేజోడుకు పేరు, లెక్కల పెట్టెలో అగ్గిపుల్లంత పుల్ల మీద కూడా పేరు. బడి తెరిచే వారం ఈ దేశంలో తల్లులెవరూ నిద్రపోరు, పేర్లు రాస్తూ కూర్చుంటారు. మా అమ్మకు ఒకసారి చెయ్యి తిరిగాక ఆగలేదు. నా నాలుగు వందల పన్నెండు మృగాలకూ చెరగని సిరాతో పేరు రాసింది. పేరు లేనిదాన్ని ఎవడైనా నాదే అంటాడు, అంది.

"పేరు లేకపోయి ఉంటే, ఒకినో గారూ, లేచి నిలబడి మీకు నమస్కారం పెట్టేవాణ్ణి" అన్నారు మినోబె గారు.

"ఉంది కదా, మరి?"

"కూర్చునే రెండు వేలు ఇస్తాను."

చూశారా ఎంత మర్యాదో! కార్డు ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను. దారి పొడుగునా చెవిలో ఒకటే మాట మోగుతోంది. పేరు లేకపోయి ఉంటే. ఆయన ఉత్త మాట అన్నారు. నేను మందు చీటీ అనుకున్నాను.

ఇక్కడ మీకొక సంగతి తెలియాలి. గీకడంలో నన్ను మించినవాడు ఇకునోలో లేడు. ముప్పై రెండేళ్ళుగా రోజుకు రెండుసార్లు పెనం గీకుతున్నాను. మాడిన సాసు ఎక్కడ నానాలో, ఎక్కడ ఆవిరి పట్టాలో, ఎక్కడ వేలు ఆపాలో నా చేతికి తెలుసు. సోమవారం కొట్టుకు సెలవు. స్పిరిటు, దూది, చెవిపుల్లలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కో అక్షరానికి అరగంట. సాయంత్రానికి నా పేరు పోయింది, నా తరగతి పోయింది, నా సెక్షను పోయింది. నామియె కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, ఏమీ కనిపించడం లేదే అని ఒప్పుకుంది. ఆమె నన్ను మెచ్చుకోవడం పెళ్ళయ్యాక అది మూడోసారి.

మళ్ళీ నంబరు చీటీ, మళ్ళీ నిప్పొన్‌బషి. మధ్యలో గడిచింది పన్నెండు రోజులే. కిటికీకి కొత్త కాగితం అంటించి ఉంది. నేను చదవలేదు. చదివే అలవాటు ఉంటే బడిలోనే ఉండేవాణ్ణి కదా.

మినోబె గారు కార్డు వెనక్కి తిప్పి, లైటును పక్కకు వంచారు. వంచిన వెలుగులో తెలిసింది నాకు. పేరు ఉన్నచోట మెరుపు పోయి, పట్టీ పీకేసిన చర్మంలా వెలిసిపోయి ఉంది.

అప్పుడాయన నాకు రెండో పాఠం చెప్పారు. పది రోజులుగా వెండి మృగాలకు దొంగ కార్డులు కుప్పలుగా వచ్చిపడ్డాయట. ఒక్క మచ్చ కూడా లేని కార్డంటే చాలు, అందరూ భయపడుతున్నారట. ఏది అసలుదో తెలిసేదెలా? ఆ రోజుల్లో తల్లి రాసిన పేరు ఉంటే, పాతబడ్డ సిరా కాగితంలోకి ఇంకి ఉంటే, అది అసలుదే. కార్డులు సేకరించేవాళ్ళు ఇప్పుడు పేరున్న కార్డులకే ఎగబడుతున్నారు. కిటికీకి అంటించింది అదేనట.

"మొన్న నేను చూసిన పేరు అలాగే ఉండి ఉంటే నాలుగు లక్షల అరవై వేలు ఇచ్చేవాణ్ణి. 'వరకు' కూడా కాదు, మొత్తం" అన్నారు మినోబె గారు. ఆ మాట నిలబడే అన్నారు. పైగా నడుం వంచి తల దించారు. దాని ఖర్చు మాత్రం నేను పెట్టుకున్నాను.

చెరిపిన కార్డుకు ఎంతిస్తారని అడిగాను. చెరిపినవి కొనరట. మొన్నటి రెండు వేలు? అది పేరున్న కార్డుకు ఇస్తానన్న ధరట, ఇది వేరే కార్డట.

వెల కట్టేవాళ్ళ గొప్పతనం ఇదే. వస్తువు కదలకపోయినా వెలను నడిపించగలరు. అడుసు తొక్కించిందీ వాళ్ళే, కాలు ఎందుకు కడుక్కున్నావని అడిగిందీ వాళ్ళే. ఇంత సామర్థ్యం ఇంకే శాఖలో ఉంది?

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమెకు డెబ్బై తొమ్మిది. అప్పటికీ మా కొట్లో క్యాబేజీ తరిగేది ఆమే. కత్తి ఆపకుండా విన్నది.

"పేరు రాస్తే పోదని రాశానురా" అంది. "ముప్పై ఎనిమిదేళ్ళు పోలేదు కూడా."

నాకు చురుక్కున తగిలింది. అయినా అవసరం సిగ్గు కంటే పెద్దది. అమ్మా, మళ్ళీ రాయవే, అన్నాను. రాసిన చెయ్యి నీదే, రాయించుకున్న కొడుకును నేనే, కార్డు అసలుదే. ఇందులో మోసం ఎక్కడుంది? నామియె గిన్నెలు కడుగుతూ, నలభై ఏడేళ్ళొచ్చాక మూడో తరగతికి దిగావు, వచ్చే ఏటికి ఉయ్యాల తెప్పించమంటావా అని అడిగింది.

అమ్మ మాత్రం కళ్ళజోడు పెట్టుకుంది. పాత కాగితం మీద నాలుగుసార్లు సాధన చేసింది. వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి, అయినా గుండ్రటి అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. ఏ సెక్షనురా నీది అని అడిగి, రాసింది. ఊదింది. ఆరాక తనూ వస్తానంది. సాక్షి ఉంటే కాదనలేరని ఆమె నమ్మకం. జూన్ ఇరవై నాలుగున ఇద్దరం రైలెక్కాం.

మినోబె గారు ఆమెకు కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. కార్డు చూశారు. ఈసారి భూతద్దం కూడా తీయలేదు, ఊదారంగు లైటు ఒకటి వేశారు. కొత్త సిరా ఎలుక కన్నులా మెరిసింది.

"పెద్దమ్మగారూ, ఈ సిరా ఈ వారానిది."

"అవును బాబూ, మంగళవారం రాశాను" అంది అమ్మ. "అప్పుడు రాసింది కూడా నేనే. కావాలంటే ఇక్కడ రాసి చూపిస్తాను, పక్కన పెట్టుకుని చూసుకో."

"రాత మీదేనండీ, నాకు అనుమానం లేదు."

"వీడు నా కొడుకేనని అనుమానమా?"

"అదీ లేదండీ."

"మరి ఏది అబద్ధం?"

అబద్ధం ఆడే మనిషి కాదు మినోబె గారు, ఆ మాట నేనే చెబుతున్నాను. ధరల కాగితం తీసి, పైనుంచి కిందిదాకా వేలుపెట్టి వెతికారు. ఆమె కోసం నిజంగానే వెతికారు.

"ఏదీ అబద్ధం కాదండీ. కానీ ఇందులో తల్లికి వరస లేదు" అన్నారు.

అమ్మ టీ పూర్తిచేసి, కప్పు తిరగేసి చూసి, బాగుంది, ఏ కొట్లో కొన్నావు బాబూ అని అడిగింది. చెప్పారు. దాని ధర కూడా చెప్పారు.

అది మూడో పాఠం. పాఠకులారా, కార్డు అదే. తల్లి అదే, కొడుకు అదే, రాత అదే, రాసిన కారణం కూడా అదే, పిల్లవాడిది పోకూడదని. నేను ఇంత పొగడ్త రాసింది దేనికంటే, ఇన్ని నిజాలు ఒకచోట చేర్చి చూపిస్తే వాటికి సున్నా ధర కట్టగల మనుషులు మన మధ్య తిరుగుతున్నారు, వాళ్ళ బల్ల ముందు మనం నంబరు చీటీ పట్టుకుని కూర్చుంటున్నాం. నేను కూడా కూర్చున్నాను, మూడుసార్లు. మా అమ్మ రాసింది నా చేత్తో నేనే గీకేశాను. గీకమని నాతో ఎవరూ అనలేదు.

జూన్ ముప్పైన కొట్టు షట్టరు దించాను. సోమవారం నుంచి ఫుసె అనే ఇంకో పేటలో ఒకాయన పెనం ముందు నిలబడుతున్నాను. ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు, నన్ను 'గారు' లేకుండా ఉత్త ఇంటిపేరు పెట్టి పిలుస్తాడు.

నాకు కార్డు మీద పోయింది నాలుగు లక్షల అరవై వేలు. రైలుకు నాకు పోను రెండు వందల నలభై, రాను రెండు వందల నలభై, అలా మూడుసార్లు. అమ్మకు వృద్ధుల పాసు మీద పోను యాభై, రాను యాభై. మొత్తం నాలుగు లక్షల అరవై ఒక్క వేల ఐదు వందల నలభై యెన్‌లు.