కోచ్ గారు నిలబడిన చోటు

జాతీయ ఫుట్‌బాల్ జట్టు ఓడినప్పుడల్లా కోచ్ పరంజ్యోతి నిలబడ్డ చోటే జానెడు భూమిలోకి దిగిపోయేవాడు. ఇందులో వింతేమీ లేదు, సమాఖ్య నియమావళిలో ఉన్నదే. ఓటమి బరువు ఎవరో ఒకరు మోయాలి కదా! ఆటగాళ్లు మోస్తే పరుగెత్తలేరు, కార్యవర్గం మోస్తే కుర్చీలు విరుగుతాయి. ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు, నేల ఆయన్ని పూర్తిగా పైకి వదిలేస్తుంది.

ప్రస్తుతం ఆయన మ్యాచ్ మైదానానికీ ప్రాక్టీసు మైదానానికీ మధ్య గట్టున నడుము దాకా దిగి ఉన్నాడు. భార్య సుగుణ రోజూ మైదానానికి క్యారేజీ తెచ్చి, పక్కనే గడ్డిలో కూర్చుని అన్నం కలిపి పెట్టేది.

"ఈసారన్నా గెలిపించి ఇంటికి రండి" అనేది.

ఆ మాటకి ఆయన ముద్ద మింగి ప్రాక్టీసు మైదానం వైపు చూసేవాడు. జట్టు ఎందుకు ఓడుతోందో ఆయనకు తెలుసు మరి.

ప్రాక్టీసు మైదానం మీద ఏడాది పొడుగునా సమాఖ్య వారి షామియానా ఉంటుంది. అధ్యక్షుల వారి పుట్టినరోజు, కార్యదర్శి గారి మనవడి అన్నప్రాసన, ఏదో ఒకటి. కుర్రాళ్లు పాపం దాని కిందే ఆడుకోవాలి. బంతి పైకి లేస్తే గుడ్డకు తగిలి అక్కడే పడుతుంది. అలా అలవాటైపోయి, అసలు మ్యాచ్‌లో బంతి ఆకాశంలోకి లేచినా అది గుడ్డకు తగిలి పడుతుందని కింద నోరు తెరుచుకుని నిలబడతారు. అది తాపీగా వెళ్లి మన గోల్‌లో పడుతుంది. లేని గుంజల్ని తప్పించుకుంటూ వంకరటింకరగా పరుగెత్తడం ఇంకో ముచ్చట.

ఒక్క వారం షామియానా విప్పించండని పరంజ్యోతి అధ్యక్షుల వారిని బతిమాలాడు. అధ్యక్షుల వారు పెద్ద మనసున్నవారు. ఆయన ఎత్తుకు గొంతుక్కూర్చుని మరీ విన్నారు.

"విప్పించేద్దాం పరంజ్యోతి గారూ, దానికేం! మరి మీ వీడ్కోలు సన్మానం ఎక్కడ చెయ్యమంటారు?"

తర్వాతి మ్యాచ్‌లోనూ బంతి పైకి లేచింది. "పరుగెత్తండ్రా" అని ఆయన గొంతు చించుకున్నాడు. పదకొండుమందీ భక్తిగా పైకి చూస్తూ నిలబడ్డారు. ఆ తర్వాతా అంతే. భుజాలు మునగకముందే అదే షామియానా ఆయన మీదికి జరిపి శాలువా కప్పేశారు. సుగుణ ఆయన చెంపకంటిన మట్టి తుడిచి, ఏడుస్తూ ఖాళీ క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయింది.

చివరి ఓటమికి తల కూడా దిగింది. లోపల చీకట్లో ఆయన కాలికి ఎవరిదో బట్టతల తగిలింది. పాత కోచ్ ధర్మలింగం గారు.

"షామియానా సంగతి చెప్పారా?" అని కింది నుంచి అడిగాడాయన.

"చెప్పానండీ."

"నేనూ చెప్పాను."

పైన చప్పట్లు వినిపించాయి. కొత్త కోచ్ బూట్లు వచ్చి పరంజ్యోతి నెత్తి మీద నిలబడ్డాయి. కొత్తవాడు జారకుండా ఆయన మెడ కాస్త సర్దుకున్నాడు. గుంజలు పాతుతున్న దెబ్బలు మట్టిలోంచి తెలుస్తూనే ఉన్నాయి. నాలుగు రోజులకి మొదటి ఓటమి బరువు నెత్తి మీద పడింది. పరంజ్యోతికి ఒళ్లు మండిపోయింది.

"ఈ పైవాడికి కోచింగ్ రాదండీ" అన్నాడు.

"మీరొచ్చినప్పుడు నేనూ అదే అన్నాను" అన్నాడు ధర్మలింగం.