ఆగి ఆగి ఆడిన శివయ్య

ఆదివారం పొద్దున ప్రేమ్‌రాజ్ వేసుకున్న ప్లాను చిన్నదే. మధ్యాహ్నం నలుగురూ భోజనానికి వచ్చేలోగా తన పెళ్లి వీడియో ఆగకుండా ఆడేలా చేయాలి. ఆ రోజుకు ఆయనకూ స్వరూపకూ పెళ్లయి ఇరవై అయిదేళ్లు. తొందర మాత్రం తల్లి సుందరమ్మ కోసం. నిరుడు పోయిన తండ్రి శివయ్య కదులుతూ కనిపించేది ఆ వీడియోలో ఒక్కచోటే, బరాత్ ఊరేగింపు ముందు మార్ఫా డప్పుల దరువుకు ఆడుతూ.

క్యాసెట్టును అఫ్జల్‌గంజ్‌లో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాడు గానీ, ఇంట్లో పాత కంప్యూటర్‌లో శివయ్య చేయి ఎత్తి ఆగుతాడు, కదులుతాడు, మళ్లీ ఆగుతాడు. నిన్న చూస్తూ సుందరమ్మ కళ్లు తుడుచుకుంది. ఆగుతున్నందుకే ఏడ్చిందనుకున్నాడు కొడుకు.

ఆ కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ వేసిచ్చింది మేనల్లుడు బబ్లూ. "గ్రాఫిక్స్ కార్డుకు సరైన డ్రైవర్ లేదు మామా. తెర మీద బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్ గదే. కొత్తది ఎక్కించు, చాలు," అన్నాడు ఫోన్లో.

"మోటార్లు బిగించెటోనికి గిదెంత," అని ప్రేమ్‌రాజ్ గదికి గడియ పెట్టుకున్నాడు.

బోరు మోటార్ల మెకానిక్కు తెలిసిన ధర్మం ఒకటే: పాతది పీకందే కొత్తది కూర్చోదు. ముందు పాత డ్రైవర్ పీకేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాడు. తెర నల్లబడింది. మూలన ఒక తెల్ల గీత మాత్రం కొట్టుకుంటోంది. పాపం, తండ్రి రెండోసారి పోయినంత పనైంది ఆయనకు.

ఉల్లిగడ్డలు కోస్తున్న స్వరూప వచ్చి తలుపు తట్టింది. "చుట్టాలొచ్చే యాళ్లయింది, బయటికి రా."

"నేను రాను పో. మా అమ్మకు మొకమెట్ల చూపియ్యాలె?"

సరిగ్గా అప్పుడే పక్కింటి లలితమ్మ పెరుగు గిన్నెతో గుమ్మం ఎక్కింది. మూసిన తలుపు, స్వరూప కళ్లలో నీళ్లు. ఆమెకు అంతకన్నా ఏం కావాలి? పది నిమిషాల్లో బస్తీ పెద్ద గుండయ్యను తెచ్చింది. ఆయన వెంట నలుగురు మగవాళ్లు, వాళ్ల వెంట కుర్చీలు కూడా వచ్చాయి.

"పెండ్లిరోజు లొల్లేంది రా? తప్పెవరిది?" అన్నాడు గుండయ్య.

"నాదే కాకా," లోపలి నుంచి జవాబు.

ఆడవాళ్లంతా స్వరూపను ఓదార్చారు. ఎందుకో తెలియకపోయినా స్వరూప కూడా కాస్త ఏడ్చింది.

స్వరూప ఫోన్ చేస్తే బబ్లూ స్కూటర్ మీద వచ్చాడు. తలుపు తీయించి, నల్ల తెర మీద అరగంట టైపు కొట్టి కొత్త డ్రైవర్ ఎక్కించాడు. పంచాయితీకి వచ్చినవాళ్లంతా గదిలోకి సర్దుకున్నారు. వీడియో నీళ్లలా సాగింది. శివయ్య వచ్చాడు, చేయి ఎత్తాడు, రెండు చుట్లు తిరిగాడు. కెమెరా బిర్యానీ డేగిసా మీదికి పోయింది. అంతా కలిపి అయిదు సెకన్లు.

"గింతేనా?" అంది సుందరమ్మ. "నిన్న మస్తుసేపు ఉండె గద రా మీ బాపు."

"ఆపి పెట్టాల్నా అమ్మమ్మా?" అన్నాడు బబ్లూ.

"ఆపితే ఫోటో అయితది. ఫోటో గోడకున్నది. నిన్నటి లెక్కనే రానీ బిడ్డా. ఆగినా, మల్ల కదుల్తుండె."

గుండయ్య కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ప్రేమ్‌రాజ్ ముక్కు చీదుకుని బబ్లూను కుర్చీలోంచి లేపాడు.

"కొత్తది నేను పీకుత. పాతది నువ్వు పెట్టు."

పీకడంలో ఆయనకు పొద్దుటి నుంచే అనుభవం ఉంది.