చెవికి ఇంత

ఒక పెద్ద అడవిలో అరుపుకు మీటరు పెట్టారు. నవ్వకండి, నిజంగానే పెట్టారు.

అంతకుముందు ఆ పని ఊరికే జరిగిపోయేది. ఓబులేసు అనే కొండముచ్చు ఎత్తయిన మద్దిచెట్టు ఎక్కి కూర్చునేవాడు. పెద్దపులి కదిలితే చాలు, "ఖక్! ఖక్!" అని గొంతు చించుకునేవాడు. కింద మేస్తున్న దుప్పులు ఒక్క పరుగున మాయమయ్యేవి. ఓబులేసుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. చూశాడు, అరిచాడు, అంతే.

ఈ 'ఊరికే' అన్న మాట పరాంకుశం గారికి గిట్టలేదు. ఆయన నక్క. స్వయంగా ఏ పనీ చేతకానివాళ్లకు ఉండే తెలివితేటలన్నీ ఆయనకు దండిగా ఉండేవి.

"ఇంత పెద్ద సేవకు లెక్కాపత్రం లేదా?" అని అడవి సభలో లేచి నిలబడ్డారు. "ఎవరు ఎంత వాడితే అంత కట్టాలి. అదీ న్యాయం!"

సభకు అధ్యక్షుడు పెద్దపులి. "ప్రజల సౌకర్యం కోసమంటే నాకేం అభ్యంతరం?" అని మీసాలు సవరించుకున్నాడు. ఆయన అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడో దుప్పుల్లో ఒక్కటీ ఆలోచించలేదు. అన్నీ తలలూపాయి.

పథకం ఇదీ. గంపెడు ఇప్పపూలు తెచ్చి నక్క బొరియ ముందు పోస్తే పది హెచ్చరికల బ్యాలెన్సు. వడ్రంగిపిట్ట చిట్టెయ్య మీటరు. ఎవరు ఎన్ని విన్నారో బెరడు మీద పొడుచుకుని, రోజూ సాయంత్రం బొరియకు పోయి నివేదిక ఇవ్వాలి.

చిక్కల్లా ఒక్కటే. అరిస్తే పూలు కట్టనివాళ్లకు కూడా వినబడుతుంది. దానికీ పరాంకుశం గారు ఉపాయం కనిపెట్టారు.

"ఇకమీదట అరవొద్దు. పులి కనబడగానే నా దగ్గరికి రా. ఎవరికి చెప్పాలో అడుగు. బ్యాలెన్సు ఉంటే సరేనంటాను. అప్పుడు పోయి వాళ్ల చెవిలో మెల్లిగా చెప్పు."

"అంతవరకూ పులి ఊరుకుంటాదా సామీ?" అన్నాడు ఓబులేసు.

"అది వేరే శాఖ."

ఓబులేసుకు రోజుకు దోసెడు మేడిపళ్లు జీతం. ఊరికే అరిచినన్నాళ్లూ భయమంటే ఏమిటో ఎరగనివాడికి, మేడిపళ్లు మొదలయ్యాక భయం పట్టుకుంది.

నాగులమ్మ అనే దుప్పికి చంటిబిడ్డ. పుట్టి పది రోజులైనా కాలేదు, కాళ్లింకా తడబడుతున్నాయి. ఒకరోజు చిట్టెయ్య వచ్చి ఆమె బ్యాలెన్సు అయిపోయిందన్నాడు.

"మూడంటే మూడుసార్లు విన్నా. పదీ ఎట్లయిపోయినాయి?"

"చెవికొకటి. నీవి రెండు, నీ బిడ్డవి రెండు. మూడు నాలుగులు పన్నెండు. నువ్వే రెండు బాకీ."

"వానికి ఇంకా ఏమీ తెలియదు గదయ్యా!"

"తెలియకపోయినా వినబడుతుంది కదమ్మా" అని చిట్టెయ్య ఎగిరిపోయాడు.

నాగులమ్మ మద్దిచెట్టు కిందికి వచ్చింది. "ఓబులేసన్నా, బిడ్డను ఒంటిగా వదిలి పూలకు పోలేను. నాకు చెవిలో చెప్పొద్దులే. పులి వస్తే ఊరికే దగ్గినట్టు దగ్గు. మేం లేచి పోతాం."

"దగ్గినా లెక్కేస్తాడమ్మా వాడు" అన్నాడు ఓబులేసు. ఆమె ముఖం చూసి, "చూద్దాంలే" అని కూడా అన్నాడు. చూద్దాంలే అనడం ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాడు.

మర్నాడు పొద్దెక్కాక పులి పొదల్లోంచి కదిలాడు. నాగులమ్మ వైపే. ఓబులేసుకు అరుపు గొంతుదాకా వచ్చింది. మింగేశాడు. కొమ్మల మీదుగా బొరియకు పరుగెత్తాడు.

"నాగులమ్మకు, సామీ! తొందరగా!"

పరాంకుశం గారు ముందురోజు నివేదికను గుర్తు తెచ్చుకున్నారు. "ఆమె రెండు బాకీ. ముందు పూలు తెమ్మను."

ఓబులేసు తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. నాగులమ్మ ఒక్కతే నిలబడి, బిడ్డ పడుకున్న గడ్డిని వాసన చూస్తోంది. ఆమె తనను నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఓబులేసుకు. తను అరిచి ఉంటే ఆ బిడ్డ బతికేది. ఎన్ని రకాలుగా సర్దిచెప్పుకున్నా ఆ మాట మారలేదు.

సభ విచారణ జరిపింది. సేవ అసలు వాడలేదు కాబట్టి సేవలో లోపం లేదని తేల్చింది. ఇంట్లో చెవులు తగ్గాయి గనుక నాగులమ్మ ఇకనుంచి రెండు చెవులకే కడితే చాలునని రాయితీ కూడా ప్రకటించింది.

వారం తిరిగింది. మిట్టమధ్యాహ్నం పరాంకుశం గారు పీకలదాకా ఇప్పపూలు మెక్కి, బొరియకు కాస్త దూరంగా చెట్టునీడన వెల్లకిలా పడుకున్నారు. చెట్టు మీది ఓబులేసుకు రేచుకుక్కల గుంపు కనబడింది. మొత్తం తొమ్మిది. ముక్కులు నేలకానించి ఇటే వస్తున్నాయి.

ఓబులేసు దిగివచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, బ్యాలెన్సు కనుక్కుందామని వచ్చినా."

"ఎవరిది?"

"తమరిదే."

నక్క ఒక కన్ను తెరిచింది. "నేను ఆఫీసర్నిరా. నాకు కనెక్షను ఎందుకుంటుంది?"

"అయితే ఒకటి తీసుకుంటారా? గంపెడు పూలే."

"నా పూలు నాకే కట్టాలా? ఇప్పుడేం కొంప మునిగిందని?"

"అది చెబితే వాడకం కిందికి వస్తాది సామీ."

పరాంకుశం గారి మనసు నిండిపోయింది. "శభాష్! మొదట్లో నువ్వు బాగుపడవనుకున్నాను. రూలంటే ఇదీ, ఉద్యోగమంటే ఇదీ. రేపటినుంచి రెండు దోసెళ్ల మేడిపళ్లు!"

"తమ దయ" అని దండం పెట్టి, ఓబులేసు తీరిగ్గా చెట్టెక్కాడు. పరాంకుశం గారు సంతోషంగా మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఆ తర్వాత రేచుకుక్కలు వచ్చాయి.

నీతి: కింది ఉద్యోగిని రూలు దాటకుండా తీర్చిదిద్దుకున్న అధికారి చివరి నిమిషం దాకా హాయిగా నిద్రపోతాడు.