పట్టాయాలో తిప్పిన తువ్వాలు

ఆ ఉదయం నాగేంద్రబాబు పెట్టుకున్న పని ఒక్కటే. టిఫిను చేసి, పట్టాయా సముద్రం మీద పారాచూట్ కట్టుకుని కాసేపు ఎగిరి, భోజనం వేళకు హోటలు చేరడం. దాచేపల్లిలో ఎరువులూ పురుగుమందులూ అమ్ముకునే మనిషికి గాల్లో ఎగిరే సరదా ఏనాడూ లేదు. సరదా అంతా భార్య కోటేశ్వరిది. సరుకు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ ఏటా జంటగా విదేశం తిప్పి తీసుకొస్తుంది. నిరుడు వెళ్లినవాళ్ల వీడియో చూసిన దగ్గర్నుంచి ఆవిడ, "మనకొస్తే నేను ఎక్కుతా, నువ్వు కింద నుంచుని చూద్దువుగాని" అంటూ ఉండేది. ఈ ఏడు వాళ్లకే వచ్చింది. కోటేశ్వరి మాత్రం వినాయక చవితి వెళ్లీ వెళ్లకముందే జ్వరంతో పోయింది.

ఆవిడకు బదులు ఆవిడ తమ్ముడు అశోక్ వచ్చాడు. ఏటి సూతకంలో షికార్లేమిటని ఊరు ముక్కున వేలేసుకుంటుందని, ఇద్దరూ ఇంట్లో రామేశ్వరం అని చెప్పి బయల్దేరారు.

"బావా, ఆ తువ్వాలు తీసి ఇలా ఇయ్యి," అన్నాడు అశోక్ ఒడ్డున.

"భుజాన అది లేకపోతే చొక్కా లేనట్టుంటదిరా," అని నాగేంద్రబాబు దాన్ని మెడకు చుట్టుకున్నాడు.

బోటు లాగింది, పారాచూట్ లేచింది. మలుపు దగ్గర బోటు కాస్త నెమ్మదించేసరికి, గుంటూరు యార్డులో మిర్చి లారీని వెనక్కి రప్పించేటప్పుడు అందరూ చేసే పనే అతనూ చేశాడు. తువ్వాలు తీసి తలమీద గిరగిరా తిప్పాడు. యార్డులో దానికి 'పోనీయ్, ఏం ఫర్లేదు' అని అర్థం. సముద్రం మీద 'కాపాడండి' అని.

బోటువాడు గాభరాపడి ఆపేశాడు. నాగేంద్రబాబు నడుం దాకా నీళ్లలో దిగాడు. ఎందుకు ఆగిందో తెలియక తువ్వాలు ఇంకా జోరుగా తిప్పాడు. రెండో బోటు సైరన్ వేసుకుంటూ వచ్చింది. ఆ సైరన్ విని అశోక్, ఈత రాదన్న సంగతి మరిచి, నీళ్లలో దూకాడు. వచ్చినవాళ్లు ముందు అతన్ని తీయాల్సి వచ్చింది. ఇదంతా ఒంగోలు డీలరు ఒకడు శ్రద్ధగా వీడియో తీసి డీలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వీళ్ల బట్టలు ఆరకముందే అది దాచేపల్లి చేరి, ఫోను మోగింది.

"అమ్మ," అన్నాడు అశోక్. "నేను స్నానానికెళ్లానని చెప్పు బావా."

"ఇప్పుడే చేశావుగా."

కోటేశ్వరి తల్లి వెంకటరావమ్మ నాగేంద్రబాబుకు సొంత మేనత్త. తిట్లకు ఊళ్లో పేరున్న మనిషి.

"ఏరా, రామేశ్వరంలో బోట్లు బాగున్నాయా?"

"తప్పయిపోయిందత్తా."

"అది ఎక్కుతానన్నది ఇదేనా?"

"ఇదే."

"నాకూ చూపించింది ఫోన్లో. ఈ వయసులో నీకెందుకే అని కసిరాను." ఆవిడే మళ్లీ అడిగింది. "పైనుంచి ఎట్లా ఉందిరా?"

నాగేంద్రబాబుకు ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది. "చూడలేదత్తా. భయమేసి, ఎక్కిన దగ్గర్నుంచి కళ్లు మూసుకునే ఉన్నా."

"అంత దూరం పోయి కళ్లు మూసుకున్నావా?" అని వెంకటరావమ్మ ఏడ్చేసింది. "మళ్లీ ఎక్కు. నా బిడ్డ చూడాలనుకున్నది నువ్వన్నా చూసి రా. ఊళ్లోవాళ్లకి నేను చెప్పుకుంటాలే."

బోటువాళ్లు ససేమిరా అన్నారు. అశోక్ దణ్ణాలు పెట్టి, తువ్వాలు తన నడుముకు కట్టుకుని చూపించాక గానీ మెత్తబడలేదు. ఈసారి నాగేంద్రబాబు వణుకుతూనే కళ్లు తెరిచాడు. చూపు ఆనినంత మేరా నీళ్లు. ఎండకు మెరుస్తున్నాయి. కోటేశ్వరి చెప్పినదానికన్నా బాగుంది. అతనికి దుఃఖం ఆగలేదు. అంత ఎత్తున ఎవరూ చూడరు కదా అని గట్టిగానే ఏడ్చాడు.

కిందికి దిగాక అశోక్ పట్టీలు విప్పుతూ అడిగాడు. "ఎట్లా ఉంది బావా?"

"బాగానే ఉంది," అన్నాడు నాగేంద్రబాబు. "ఒక్క మనిషికి మరీ ఎక్కువ."