పార్టు రాగానే సోమవారం

శనివారం పొద్దున్నే కొండకెళ్లే ఏసీ బస్సెక్కి, ఆదివారం సాయంత్రానికి దిగొచ్చేయాలన్నది ఏసీ మెకానిక్ పథకం. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఒక్క వేసవిలోనూ అతనికి తీరిక దొరకలేదు. "ఈసారీ తప్పితే ఇంక జన్మలో అడగను," అంది భార్య. అరిచి ఉంటే సర్దుకుపోయేవాడే. మెల్లగా అనేసరికి గుండె జారిపోయింది. అందుకే ఫోన్ చేసిన వాళ్లందరికీ ఒకటే పాట పాడాడు. "పార్టు దొరకట్లేదండీ. రాగానే సోమవారం వచ్చి వేసేస్తా."

బస్సెక్కి కూర్చున్నాడో లేదో, ముందు సీట్లో ఆ పాట విన్నవాళ్లలో ఒకరైన లాయరుగారి బట్టతల కనిపించింది. వెనక నుంచి ఇంకొకరైన టీచరమ్మ గొంతు వినిపించింది. "మా ఏసీ చచ్చిందండీ. ఆ మహానుభావుడు సోమవారం గానీ రాడట. ఈ ఉక్కలో ఉడికి చావలేక బయల్దేరాం."

"మీకూ సోమవారమేనా?" అన్నారు లాయరుగారు.

మెకానిక్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. కొండమీద చలికని తెచ్చుకున్న మంకీ క్యాప్ తీసి కళ్లదాకా లాక్కున్నాడు.

"ఈ ఎండలో ఇదేం చోద్యం?" అంది భార్య.

"జలుబు," అన్నాడు చెమటలు కక్కుతూ.

సగం కొండ ఎక్కేసరికి బస్సులో ఏసీ ఆగిపోయింది. కిటికీలు తెరుచుకునేవి కావు. లాయరుగారి ముసలి తల్లి తల వాల్చేసింది. "ఇలాగైతే వెనక్కి తిప్పేయాల్సిందే," అన్నాడు డ్రైవరు. వెనక్కా! అతను భార్య ముఖంలోకి చూశాడు. ఆవిడ సంచి ఒళ్లోకి లాక్కుంది.

ఇక ఆగలేకపోయాడు. క్యాప్‌తోనే లేచి, జేబులో ఎప్పుడూ ఉండే స్క్రూడ్రైవరుతో పై మూత విప్పి, ఊడిపోయిన తీగ బిగించాడు. చల్లగాలి రివ్వున కొట్టింది. పెద్దావిడ కళ్లు తెరిచింది. బస్సంతా చప్పట్లు. ఆ సంబరంలో, ఏళ్ల తరబడి అలవాటు కొద్దీ, అతని నోరు దానంతటదే కదిలింది.

"ఇప్పటికి నడుస్తుందండీ. పార్టు రాగానే సోమవారం వచ్చి వేసేస్తా."

చప్పట్లు ఆగిపోయాయి. టీచరమ్మ వచ్చి క్యాప్ పైకి లాగింది. "దొరికావా నాయనా! పద కిందికి, ఇప్పుడే!"

"కిందికెళ్లే బస్సు అదుగో వస్తోంది, ఆపండి!" అన్నారు లాయరుగారు.

భార్య లేచి అడ్డం నిలబడింది. "మీకు వారం నుంచేగా ఈ సోమవారం? మా వంటింటి ఫ్యానుకి నాలుగేళ్లుగా సోమవారమే! వరసలో ముందు నేను. ఈ రెండు రోజులూ నావి."

లాయరుగారు వెళ్లి తన సీట్లో కూర్చున్నారు. కిందికెళ్లే బస్సు వెళ్లిపోయింది.

సోమవారం తెల్లారేసరికి లాయరుగారూ టీచరమ్మా మెకానిక్ గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్ల కళ్లెదుటే స్టూలెక్కి వంటింటి ఫ్యాను విప్పాడు. దానికి నిజంగానే పార్టు కావాలి. ఆ ముక్క చెప్పలేక మధ్యాహ్నం దాకా స్టూలు దిగలేదు.