పళ్ళున్న బంపర్

ఆ ఆదివారం పొద్దున అతని పథకం చాలా చిన్నది. అచ్చులో రెసిన్ పోయాలి. గట్టిపడ్డాక ముందు బంపర్ బయటికి తీసి, అరచేతిలో పట్టే బొమ్మ కారుకి అతికించి, మధ్యాహ్నం నమూనా కార్ల పోటీకి పట్టుకెళ్ళాలి. చక్రాల మీది వెడల్పు అంచులు, వెనక రెక్క పుట్టీతో చెక్కి ముందే అమర్చేశాడు. మూతి ఒక్కటే మిగిలింది.

ఈసారి బహుమతి రాకపోతే పనిబల్ల ఖాళీ చేస్తానని భార్యకి మాటిచ్చాడు. బల్ల అసలు ఆమెదే. దాని మీద ఆమె పళ్ళసెట్లు తయారుచేస్తుంది. ఓ మూల చాలన్నవాడు ఏకులా వచ్చి మేకులా పాతుకుపోయాడు.

"ఏమండీ, పక్కింటి మాస్టారి సెట్టు విరిగింది కదా, ఆ ముక్కలే అతికి అచ్చు తీశాను, తాత్కాలికంగా ఒకటి ఇవాళే ఇవ్వాలి. మీ పోటీకి ముఖ్య అతిథీ ఆయనే, బహుమతులు తేల్చేదీ ఆయనే. పళ్ళు లేకుండా ఏం మాట్లాడతారు పాపం?"

"మూతి లేకుండా నా కారేం వెళ్తుంది పాపం?"

ఇద్దరి అచ్చులూ ఒకే డబ్బా రబ్బరుతో చేసినవి. రెండూ మూసిన నీలం దిమ్మలు, పైన పోయడానికి ఒక కంత. కుడివైపుది ఆమెది, ఎడమవైపుది అతనిది. ఆ ఏర్పాటు వాళ్ళిద్దరి బుర్రల్లోనే ఉంది. తెల్లారగానే దిమ్మలు పక్కకి జరిపి బల్ల తుడిచిన ఆమె అత్తగారి బుర్రలో లేదు.

అతను ఎడమ దిమ్మలో బూడిదరంగు రెసిన్ పోశాడు. ఆమె కుడి దిమ్మలో పళ్ళసెట్లకి వాడే గులాబీ ద్రవం పోసి స్నానానికి వెళ్ళింది. "మాస్టారు ఎదురుచూస్తుంటారు, పాపం పిల్ల ఎన్నని చేసుకుంటుంది" అనుకుని అత్తగారు కోడలి దిమ్మ విప్పి, లోపల ఉన్నదాన్ని దూదిలో చుట్టి పక్కింట్లో ఇచ్చి వచ్చారు.

కాసేపటికి అతను తన దిమ్మ విప్పాడు.

"ఇదిగో! నా కారుకి పళ్ళొచ్చాయి!"

తల తుడుచుకుంటూ వచ్చిన భార్య ఆగిపోయింది. "అయితే మాస్టారికి ఏమొచ్చినట్టు?"

జవాబు గుమ్మంలోనే నిలబడి ఉంది. మాస్టారు ఎవరి పనికీ వంక పెట్టే మనిషి కాదు.

"కొత్త రకమా అమ్మా? సరిపెట్టుకోబోతే రెండు ముక్కలైంది. తప్పు నాదేలే. కానీ ఈ గుండ్రటి కంతలెందుకు? ఊపిరాడటానికా?"

"పొగమంచు దీపాలకండీ" అన్నాడు అతను, ఉండబట్టలేక.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని ముక్కని ఇంకాస్త దగ్గరగా చూశారు. "నోట్లో దీపాలెందుకు నాయనా?"

"ఒరేయ్, నేను బల్ల తుడిచానంతే" అన్నారు అత్తగారు, ఎవరూ అడగకుండానే.

గులాబీ ద్రవం అయిపోయింది. రెసిన్ కూడా అడుగంటింది. అది మిగిలినా నోట్లో పెట్టే సరుకు కాదు. మాస్టారు పళ్ళు లేకుండానే వెళ్ళారు. అతను చేతిలోని పళ్ళ వరసని అటూ ఇటూ తిప్పాడు. ఎలా ఉంటుందో చూద్దామని ఊరికే కారు ముందు ఆనించాడు. దవడ వంపూ కారు మూతి వంపూ ఒక్కటే. చెక్కకుండానే కూర్చుంది. అలాగే అతికించేశాడు.

పోటీలో మాస్టారు ఉపన్యాసం మానేసి, బల్లల వెంట నడుస్తూ ఆ కారు దగ్గర ఆగారు. వంగి చూశారు. వేలితో తన బోసి చిగురు తడుముకున్నారు.

"ఈ వంకర పన్ను నాదే! గార కూడా దిగిందే! ఇంత నిక్కచ్చి పని ఈ హాలంతటిలో లేదు. ఎవరిదీ అచ్చు?"

అతను ఒక్క మాట అబద్ధమాడితే బల్ల దక్కుతుంది. పక్కనే భార్య కారునే చూస్తోంది, తన పనిని మొదటిసారి చూస్తున్నట్టు.

"మా ఆవిడదండీ."

మొదటి బహుమతి ఆమెకి వచ్చింది. అతనికి రాలేదు కాబట్టి, మాట ప్రకారం బల్ల ఖాళీ చేశాడు.

ఇప్పుడు దాని మీద ఆమె కార్ల మూతులు చేస్తోంది. అతను పక్కన నిలబడి దిమ్మల మీద పేర్లు రాస్తున్నాడు.